ముందు పలకరించవలసినవాడు

నయీమ్, మనామా, బహ్రెయిన్
12 అక్టోబరు 1996

గౌరవనీయులైన మాజీ ప్రధానోపాధ్యాయులు శ్రీ లింగన్న గారికి,

విశ్రాంత తెలుగు పండితుడు కుతుబుద్దీన్ రాస్తున్నాడు. మీరు క్షేమమని తలుస్తాను. నేను తలవకపోయినా మీరు క్షేమంగానే ఉంటారు. కుర్చీలో కూర్చుని బడి నడిపినవాళ్లకు మోకాళ్లు అరగవు. నిలబడి పాఠం చెప్పినవాళ్లకే అరుగుతాయి.

మా ఫరీదాకు బిడ్డ పుట్టిందని చూడడానికి వచ్చినవాణ్ణి, ఆరు నెలలైంది, ఇంకా చూస్తూనే ఉన్నాను. మనవరాలు లైబా బాగుంది. అల్లుడు అహ్తెషామ్ తుబ్లీలో మోటారు విడిభాగాల దుకాణం నడుపుతాడు. మంచివాడు. అంటే నాతో మాట్లాడడు. ఈ ఇంట్లో నాకు రెండు పనులు అప్పగించారు. పాప ఏడిస్తే ఎత్తుకోవాలి, అల్లుడు పడుకుంటే దగ్గకూడదు. మొదట్లో ఫరీదా వంటగదిలో డబ్బాలను అకారాది క్రమంలో సర్దాను. అది చూసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా స్థితి మారింది. మా సందు చివర స్వాహిలీ మాట్లాడే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. పెద్దలు ఎప్పుడో జాంజిబార్ నుంచి, మొంబాసా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. చుట్టాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. వచ్చిన పిల్లలకు ఇక్కడి బడి అందుకోవడం కష్టం గనుక సాయంత్రాలు ఇంగ్లీషూ లెక్కలూ చెప్పే బడి ఒకటి ఉంది. దానికి అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు కావాలని నన్ను అడిగారు. బతిమాలారన్నా తప్పు లేదు. ఒప్పుకున్నాను. జీతం పుచ్చుకోవడం లేదు. విదేశంలో మన దేశం పరువు కూడా చూడాలి కదా.

మీకు ముఖ్యంగా చెప్పవలసింది ఇది. ఈ పిల్లలు నన్ను చూడగానే 'షికమో' అంటారు. మీ కాళ్లు పట్టుకుంటున్నాను అని దాని అర్థం. దానికి నేను 'మరహబా' అనాలి, అంటే స్వీకరించాను అని. చిన్నవాడు ముందు అనాలి, పెద్దవాడు జవాబివ్వాలి. చిన్నవాడు అనేదాకా పెద్దవాడు నోరు విప్పనక్కర లేదు. పెళ్లీడు కుర్రవాళ్లు కూడా కారాపి, దిగి, అని వెళ్తారు. ముప్పై ఏడేళ్లు మన ఊళ్లో పాఠం చెప్పాను. నా శిష్యులు నన్ను చూస్తే సైకిలు వేగం పెంచేవారు. ఇక్కడ సందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పది మరహబాలు ఖర్చవుతాయి. కాళ్లు పట్టుకోవడం మన జిల్లాలో ప్రమోషన్లకే వాడతారనుకున్నాను. ఇక్కడ మర్యాదకు వాడుతున్నారు.

ఇట్లు,
కుతుబుద్దీన్

తా.క.: భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తిరగేస్తామో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పే పద్ధతి ఏమైనా ఉంటే రాయండి. ఇక్కడ ఒక సహోద్యోగి అడిగారు.


రాగంపేట, కరీంనగర్ జిల్లా
3 నవంబరు 1996

తెలుగు పండితులు శ్రీ కుతుబుద్దీన్ గారికి,

మీ ఉత్తరం అందింది. మా ఇంటామె దుర్గవ్వకు చదివి వినిపించాను. డబ్బాల సంగతి మళ్లీ చదవమంది, మళ్లీ చదివాను.

మీ 'సహోద్యోగి'కి నా నమస్కారాలు. అర రొట్టెలో పావు రొట్టెలు ఎన్ని ఉన్నాయని పిల్లలను అడగమనండి. రెండు అంటారు. అరను పావుతో భాగించడమంటే అదే. రొట్టె తుంచి చూపించాలి, బోర్డు మీద రాయకూడదు. ఇరవై ఏళ్లు పక్క గదిలో నేను ఇదే పాఠం చెప్తుంటే తమరు గోడ మీద కొట్టి, మీ రొట్టెల గోలలో నా పద్యం వినపడడం లేదని కబురు పంపేవారు. ఆ సహోద్యోగి కూడా అప్పుడు ఆ గదిలోనే ఉన్నట్టున్నాడు.

ప్రమోషన్ల మాట ఎత్తారు కనుక జవాబు చెప్పక తప్పదు. మనిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఒకే రోజు చేరితే వయసులో పెద్దవాడే సీనియరని నేను పెట్టిన రూలు కాదు. మీ నాయన బడిలో వేసేటప్పుడు మీ వయసు మూడేళ్లు తగ్గించి చెప్పాడు, కొడుకు ఎక్కువ కాలం నౌకరీ చేస్తాడని. కాగితం మీద మీరు నాకంటే రెండేళ్లు చిన్న. అందుకని హెడ్మాస్టరు కుర్చీ నాకు వచ్చింది. దాని మీద అర్జీలు పెట్టారు, హైదరాబాదు పోయారు, నాతో పదకొండేళ్లు మాట్లాడలేదు. సరే. కానీ నేను దండ వేయించుకుని ఇంటికి పోయాక, తమరు అదే తగ్గిన వయసుతో రెండేళ్లు అదే బడిలో పని చేశారే? అప్పుడు ఒక్క అర్జీ అయినా పెట్టారా, నేను ముసలివాణ్ణి, నన్ను పంపించేయండి అని?

మా అక్క కొడుకు లక్ష్మణ్ తుబ్లీ క్యాంపులో ఉన్నాడు, మేస్త్రీ పని. శుక్రవారం సెలవు. వచ్చి మీ బడి చూసి వస్తాడు. ఇంత పెద్ద పదవిలో ఉన్నవారిని మన ఊరివాడొకడు కళ్లారా చూడాలి కదా.

ఇట్లు,
లింగన్న


నయీమ్, మనామా
1 డిసెంబరు 1996

లింగన్న గారికి,

మీ లక్ష్మణ్ వచ్చాడు. వాడు మీకు రాసేలోగా నేనే రాయడం మంచిది.

నేను ఈ బడిలో సహాయకుణ్ణి. 'అడిగారు' అని రాశాను. అడిగింది ఫరీదా. అబ్బాను రోజుకు రెండు గంటలు ఎక్కడైనా పెట్టుకోండని బడి నడిపే ఆవిడను అడిగింది. ఆవిడ దగ్గరే రోజూ మందాజీలు కొంటుంది. మందాజీ అంటే తీపి బోండా లాంటిది, మూడు మూలలుంటాయి. మీ భిన్నాల పాఠం వాటితోనే చెప్పాను. అరలో పావులు ఎన్ని అని నేను అడిగేసరికి అరా లేదు, పావూ లేదు, తినేశారు. అయినా పాఠం అర్థమైంది. ఈ ఒక్క మాట పొగడ్త కింద జమ కట్టుకోండి, ఇంకొకటి రాదు.

ఆవిడ పేరు బీ జువేనా. 'బీ' అంటే అమ్మగారు లాంటిది. మనిషి పొడగరి, గొంతు మన పాత తహశీల్దారు గొంతు. మొంబాసాలో మార్వాడీ, గుజరాతీ కొట్ల మధ్య పెరిగింది గనుక మన దక్కనీ ఉర్దూ ఆవిడకు సగం అర్థమవుతుంది, మిగతా సగం ఊహించి కోప్పడుతుంది. ఇంటి కింది అంతస్తులో చాపలు పరిచి ముప్పై మంది పిల్లలకు చదువు చెప్తుంది. నేను పలకలు చూస్తాను, పెన్సిళ్లు చెక్కుతాను, ఎక్కాలు వల్లె వేయిస్తాను.

మొదటి నెల అంతా బాగుంది. నేను వెళ్లగానే సలామలైకుం అనేవాణ్ణి, ఆవిడ తల ఊపేది. ఒకరోజు పిల్లలందరి ముందు ఆపి, నాకు ఇంతవరకు షికమో చెప్పలేదేమని అడిగింది. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పరు కదా అన్నాను. పెద్దవాళ్లెవరు అంది. నేనే అన్నాను. నా తల చూసి నవ్వింది. నేను జుట్టుకు రంగు వేసుకుంటానని మీకు తెలుసు. అది శుభ్రతకు సంబంధించిన విషయం, వయసుకు సంబంధించినది కాదు.

నాకు అరవై ఆరు నిండాయని చెప్పాను. నమ్మలేదు. ఆవిడ వయసు అడిగితే, పెద్ద యుద్ధం ముగిసేనాటికి పెళ్లికూతురినంది. ఆ ఏడాది నాకు మీసాలు వచ్చాయి. ఎవరు పెద్దో ఎలా తేలుతుంది? పాస్‌పోర్టు తెస్తానన్నాను. తన పాస్‌పోర్టులో పుట్టిన తేదీ ఆఫీసులో కుర్రవాడు టీ తాగుతూ తోచింది రాసినదనీ, కాగితాల మీద తనకు నమ్మకం లేదనీ, మనిషి సాక్ష్యం కావాలనీ అంది. అలా అన్నప్పుడు మాత్రం ఆవిడ మీద గౌరవం కలిగింది.

నేను షికమో చెప్పలేదు. ఆవిడ నాతో మాట మానేసింది. ఒకే గదిలో ఉంటూ సల్మా అనే పిల్లతో కబుర్లు పంపుతుంది. 'ఆ సహాయకుడికి చెప్పు, సుద్దముక్క ఇవ్వమని.' నేనూ అలాగే పంపుతున్నాను. అది నాకు కష్టం కాదు, మీతో పదకొండేళ్లు అభ్యాసమైంది. కష్టం ఇంకొకటి. పిల్లలు నాకు షికమో మానేశారు. ఎవరూ మానమని చెప్పలేదట. తన పెద్దకు చెప్పనివాడికి చెప్పడం వాళ్ల మర్యాదలో లేదట. గుడీవినింగ్ అంటున్నారు. పది మరహబాలు నోట్లో పెట్టుకుని వెళ్లి, పదీ వెనక్కు తెచ్చుకుంటున్నాను.

కాబట్టి మీతో ఒక పని పడింది. మనం ఒకే కానిగి బడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దాం. నా అసలు వయసు తెలిసి బతికున్నవాళ్లు మీరొక్కరే. నేను మీకంటే ఏడాది పెద్దనని లక్ష్మణ్‌కు చెప్పండి, వాడు వచ్చి ఆవిడకు నోటితో చెప్తాడు. మా మేనమామ ఈ సారు వయసు సంగతి చెప్పమన్నాడు అని వాడు అంటే ఆవిడ నమ్ముతుంది. ఆవిడ ముందు నా పరువు నిలబడాలి. లేకపోతే నేను మళ్లీ డబ్బాలు సర్దుకోవాలి.

ఇంతకుముందు మిమ్మల్ని ఏ సహాయమూ అడగలేదని గమనించండి.

కుతుబుద్దీన్


రాగంపేట
22 డిసెంబరు 1996

చిరంజీవి కుతుబుద్దీన్‌కు,

ఆశీర్వదించి రాస్తున్నాను. చిరంజీవి అన్నందుకు కోపం వద్దు. కాగితం ప్రకారం నేను నీకంటే రెండేళ్లు పెద్ద. కాగితం తప్పని జిల్లా విద్యాశాఖ అధికారి అనలేదు, పైవాళ్లూ అనలేదు. జువేనమ్మ అంటుందా?

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత కడుపు నిండా నవ్వాను. దుర్గవ్వ అయితే, "పాపం, చెప్పరాదుండ్రి, మీ సొమ్మేం బోతది" అంది. పోయే సొమ్ము ఏమిటో ఆమెకు తెలియదు. నేను ఇప్పుడు నిన్ను పెద్ద అన్నాననుకో, మరి ఆ కుర్చీ ఎవరిది? పదిహేనేళ్లు నేను అక్రమంగా కూర్చున్నట్టా? ఊళ్లోవాళ్లు ఇప్పటికీ నన్ను హెడ్మాస్టరు సారు అంటారు. ఆ మాట ఒక్కటే మిగిలింది నాకు. నీకు పది మరహబాలు కావాలని నా ఒక్క సారును తాకట్టు పెట్టను.

లక్ష్మణ్‌కు ఫోన్‌లో చెప్పాను, వెళ్లి సాక్ష్యం ఇమ్మని. ఏం చెప్పాలో కూడా చెప్పాను. రికార్డు ప్రకారం కుతుబుద్దీన్ సారుకు అరవై మూడు అని, అంతకంటే ఒక్క రోజు కూడా ఎక్కువ చెప్పవద్దని.

అదెంత తేలిక మాట కుతుబూ. షికమో. నేను ఇక్కడ అద్దం ముందు అని చూశాను, పళ్లకు కూడా తగల్లేదు.

లింగన్న


నయీమ్, మనామా
14 ఫిబ్రవరి 1997

లింగన్నా,

మీరు అని రాయడానికి ఓపిక లేదు. ఇక నువ్వే.

నీ సాక్షి వచ్చాడు. జువేనా వాణ్ణి బోర్డు ముందు నిలబెట్టింది. పిల్లలంతా చాపల మీద సర్దుకుని కూర్చున్నారు, సినిమాకు కూర్చున్నట్టు. మీ ఊరి పెద్దాయన ఏమన్నాడో చెప్పు అని అడిగింది. వాడు నీవైపు చూడలేడు, నావైపు చూశాడు. నేను ఆరో తరగతిలో వాడికి పద్యాలు చెప్పాను. చివరకు చేతులు కట్టుకుని నాతో అన్నాడు:

"ఏం జెప్పమంటరు సార్. మా మామ మీకంటె పెద్దోడు, మీరు మా మామకంటె పెద్దోళ్లు. నా శిన్నప్పటిసంది ఊర్ల ఇదే లొల్లి."

అదే మాట హిందీలో జువేనాకు చెప్పాడు. ఆవిడ స్వాహిలీలో పిల్లలకు చెప్పింది. మూడు భాషల్లో నా పరువు పోయింది. వరుసగా పోయింది, ఒక్కో భాషకు ఒక్కో నవ్వు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఐదు వారాలు వెళ్లలేదు. రంజాను కూడా వచ్చింది కనుక ఇంట్లో ఉండడానికి గౌరవప్రదమైన కారణం దొరికింది. ఒకరోజు ఫరీదా డబ్బాలన్నీ దించి నా ముందు పెట్టి, "ఈసారి ఒత్తులతో సహా సర్దు అబ్బా" అంది. ఆ పిల్లకు నా నోరు వచ్చింది.

నిజం చెప్తాను. నాకు బాధగా ఉన్నది షికమోలు పోయినందుకు కూడా కాదు. ఆ జువేనాతో పోట్లాడవలసినవి లోపల పేరుకుపోయాయి. ఆవిడ పిల్లలకు గుణకారం వేళ్ల మీద నేర్పుతుంది. ఎక్కాలు కంఠస్థం లేకుండా లెక్కలేమిటి? ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి ఒక నెల, చిన్నవి ఒక నెల చెప్తుంది. అది అన్యాయమని ఆవిడతో అనాలి. కానీ పలకరింపు లేనిచోట పోట్లాట ఎక్కడ మొదలుపెడతాం? సల్మాతో కబురు పంపి వాదించలేం. నేను నాలుగు వాక్యాల వాదం చెప్తే అది వెళ్లి, 'తాత తప్పంటున్నాడు' అని ఒక్క ముక్కలో చెప్పి వస్తుంది.

ఈద్ రోజు ఫరీదా బలవంతాన జువేనా ఇంటికి తీసుకువెళ్లింది. ఇల్లంతా జనం. నేను ఒక మూల ఖర్జూరాల పళ్లెం పక్కన సర్దుకున్నాను. అప్పుడు ఒక ముసలామె వచ్చింది. పక్కనున్నాయన నా చెవిలో చెప్పాడు. ఆమె జువేనాకు ఆడపడుచట, ఇల్లు పంచుకునే దగ్గర మొదలై ఏళ్ల తరబడి తగువట, జాంజిబార్ నుంచి మోసుకొచ్చిన తగువట. నేను సర్దుకుని కూర్చున్నాను, మజా చూద్దామని.

జువేనా లేచింది. ఆ పొడవు మనిషి ఎదురు వెళ్లి వంగి షికమో అంది. ముఖంలో ప్రేమ ఏమీ లేదు. ముసలామె మరహబా అంది. ఆమె ముఖంలోనూ లేదు. ఇక ఆ మరుక్షణం మొదలుపెట్టారు. అబ్బ, ఏం తిట్టుకున్నారు లింగన్నా. నాకు ఒక్క మాట అర్థం కాలేదు, అయినా పండితుణ్ణి కదా, నడక తెలుస్తుంది. ఒకరి మాట ముగిసేదాకా ఇంకొకరు ఆగుతారు. ఊపిరి పీల్చుకుంటారు. మందాజీ కొరుకుతారు. మళ్లీ అందుకుంటారు. అరగంట తర్వాత ఇద్దరి బుగ్గలూ ఎర్రబడ్డాయి, ఆరోగ్యంగా. ముసలామె వెళ్లేటప్పుడు జువేనా చేయి పట్టుకుని మెట్లు దింపింది, దింపుతూ కూడా తిట్టింది.

మనిద్దరం ఆ పదకొండేళ్లూ ఎంత దండగ చేశామో నాకు అప్పుడు తెలిసింది. పలకరింపు అంటే ఓడిపోవడం అనుకున్నాం. వీళ్లకు అది తలుపు గొళ్లెం. తీసి లోపలికి వెళ్తే తప్ప ఇంట్లో ఎవరినీ తిట్టలేం.

మర్నాడు సాయంత్రం బడికి వెళ్లాను. ముప్పై మంది తలలెత్తారు. జువేనా బోర్డు మీద ఏదో రాస్తోంది, తిరగలేదు. గుమ్మంలో నిలబడి షికమో అన్నాను. నీకు అద్దం ముందు పళ్లకు తగల్లేదేమో. నాకు ప్రతి పన్నూ తగిలింది. ఆవిడ సుద్దముక్క కింద పెట్టింది, చేతులు తుడుచుకుంది, నిదానంగా తిరిగింది.

"మరహబా," అంది. ఆపైన ఒక్క గుక్కలో ఉర్దూలో, "ఇన్నాళ్లు ఎక్కడ చచ్చావు? నా పిల్లలకు ఏ భాషలో ఎక్కాలు నేర్పావు నువ్వు?"

సంగతేమిటంటే, నేను ఎక్కాలు తెలుగులో నేర్పాను. నాకు అవి ఇంకో భాషలో రావు. కానిగి బడిలో ఇసుక మీద పడ్డవి ఆ మాటల్లోనే పడ్డాయి. పిల్లలు రాగం బాగుందని వారంలో పట్టేశారు. నేను లేని రోజుల్లో సల్మాను గవర్నమెంటు బడిలో చేర్చడానికి తీసుకువెళ్తే, అక్కడి అరబ్బు టీచరమ్మ ఏడు ఏడులు ఎంత అని అడిగిందట. ఇది చేతులు కట్టుకుని, తల ఊపుతూ, 'ఏడేళ్లు నలభై తొమ్మిది' అందట. ఇది ఏ భాష అని అడిగితే, లెక్కల భాష అందట. టీచరమ్మ మళ్లీ రమ్మని పంపించేసిందట.

జువేనా తిట్టింది. నేనూ తిట్టాను. వేళ్ల మీద గుణకారం సంగతి, పెద్ద అక్షరాల సంగతి, మూడు నెలలవి అన్నీ వరుసగా తీశాను. అహ్తెషామ్ దుకాణం కట్టేసి వస్తూ కిటికీ బయట ఆగి విన్నాడట, మామగారు ఇంత మాట్లాడగలరని తెలియదని ఫరీదాతో అన్నాడట. చివరకు తీర్పు ఏమిటంటే, ఎక్కాలు కంఠస్థమే, కానీ ఇంగ్లీషులో. నేను ముందు నేర్చుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక సెవెన్ సెవెన్స్ అని వల్లిస్తున్నాను, లైబా నిద్రపోతోంది ఆ జోలకు. మేలో సల్మాకు మళ్లీ పరీక్ష పెడతారట. అది తప్పితే తప్పు నాది. జువేనా స్పష్టంగా చెప్పింది.

బయటికి వస్తుంటే పిల్లలు గుమ్మంలో రెండు వరుసలు కట్టారు. షికమో, షికమో, షికమో. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబిచ్చాను. గుత్తగా ఇవ్వబుద్ధి కాలేదు.

ఇక నీ సంగతి. కాగితం ప్రకారం నువ్వే పెద్ద అన్నావు. సరే. ఇరవై మూడేళ్ల అర్జీలు వెనక్కు తీసుకుంటున్నాను. నువ్వే పెద్ద. కనుక, షికమో లింగన్నా. నీ కాళ్లు పట్టుకుంటున్నాను. జవాబుగా మరహబా అని రాసి పంపు. ఆ తర్వాత నిన్ను తిట్టవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి.

కుతుబు


రాగంపేట
9 మార్చి 1997

కుతుబన్నా,

అన్నా అన్నానని ఆశ్చర్యపోకు. నెమ్మదిగా చదువు.

నీ షికమో అందింది, కానీ పుచ్చుకోలేదు. తిప్పి పంపుతున్నాను. కారణం ఇది.

మన విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం ఉంది కదా. ఏటా ఉగాదికి సభ్యుల్లో అందరికంటే వయసులో పెద్దవాణ్ణి పిలిచి శాలువా కప్పి సన్మానం చేస్తున్నారు. ఈసారి ఇంకా గట్టిగా చేస్తారట, మైకు కూడా పెట్టి. అధ్యక్షుడు భీమేశ్వరరావు, మన పాత డ్రిల్లు మాస్టరు. మొదటి శాలువా డ్రాయింగు సారుకు కప్పారు, వానాకాలం చూడకుండా పోయాడు. రెండోది హిందీ పంతులుకు కప్పారు, దసరాకు పోయాడు. పోయినేడు ముత్తెమ్మ టీచరుకు కప్పారు. శాలువా మడత విప్పలేదు, పెట్టెలో పెట్టినట్టే ఉంది, ఆమె లేదు. ఈసారి రికార్డులు తిరగేసి, అందరిలోకి పెద్ద మన హెడ్మాస్టరు లింగన్న గారేనని భీమేశ్వరరావు ఇంటికి వచ్చి చెప్పి, కంఠం కొలత అడిగాడు, దండ కోసమట.

దుర్గవ్వ తలుపు దగ్గర నిలబడి విన్నది. అతను వెళ్లాక నా ముందుకు వచ్చి ఒకే మాట అంది: "గా శాలువ నా ఇంట్లకస్తె, దాంతోటే నేను పుట్టింటికి బోత."

ఆమెకు అరవై దాటాయి. పుట్టింట్లో ఎవరూ లేరు. అయినా పోతుంది, నాకు తెలుసు.

నాకు ఇలాంటి మూఢనమ్మకాలు లేవని నీకు తెలుసు. నేను లెక్కల మాస్టరును. కానీ మూడుకు మూడు అంటే లెక్క కూడా ఏదో చెప్తున్నట్టే కదా.

అందుకని మొన్న ఆదివారం సంఘం సమావేశంలో లేచి నిలబడ్డాను. నలభై మంది ఉన్నారు. నాకంటే కుతుబుద్దీన్ సారు ఏడాది పెద్ద అని చెప్పాను. కాగితం తప్పు, వాళ్ల నాయన తగ్గించి రాయించాడు అని చెప్పాను. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడు నువ్వు మా ఇంటికి నడిచి వచ్చి నా చేతిలో బెల్లం ముక్క గుంజుకున్నావని మా అమ్మ చెప్పేదని కూడా చెప్పాను. భీమేశ్వరరావు రికార్డు చూపించబోయాడు. రికార్డు కంటే మనిషి సాక్ష్యం గొప్పది, విదేశాల్లో కూడా ఇదే పద్ధతి అన్నాను. తీర్మానం చేశారు. రాగంపేట ఉపాధ్యాయుల్లో వయసులోనూ, కనుక సీనియారిటీలోనూ అందరికంటే పెద్ద శ్రీ కుతుబుద్దీన్ గారేనని మైకులో చదివారు. మన పాత బంట్రోతు లింగయ్య చప్పట్లు కొట్టాడు, ఎందుకో తెలియకుండానే.

సన్మానం నీకే. మనిషి లేకపోయినా శాలువా కప్పుతారట, ఫోటోకు. వద్దులే, ఫోటోకు దండ వేస్తే చూడడానికి బాగుండదు అని నేనే ఆపాను. అంతవరకు నీ మేలు చూశాను.

కాబట్టి, అన్నా, చిన్నవాణ్ణి నేను. ముందు పలకరించవలసినవాణ్ణి నేను. షికమో. నీ కాళ్లు రెండూ పట్టుకుంటున్నాను. మరహబా అని ఒక్క ముక్క రాసి పంపు. దుర్గవ్వకు చూపించాలి.

నీ తమ్ముడు,
లింగన్న


నయీమ్, మనామా
4 ఏప్రిల్ 1997

తమ్ముడు లింగన్నకు,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. అల్లుడు పడుకున్నాడని మరిచి గట్టిగా నవ్వాను. లేచి వచ్చి ఏమైంది మామూ అన్నాడు. ఇరవై మూడేళ్ల నాటి ప్రమోషన్ వచ్చిందన్నాను. ముబారక్ అని మళ్లీ పడుకున్నాడు.

మైకులో చదివారన్నావు. ఎవరు చదివారు? భీమేశ్వరరావు అయితే నా పేరులో దకారం కింద దకారం పలికాడా లేదా? అర్జీల మీద అర్జీలు పెట్టి, హైదరాబాదులో వరండాలన్నీ తిరిగి, నేను సాధించలేని మాట నువ్వు నలభై మంది ముందు నిలబడి నీ నోటితో అన్నావు. ప్రాణభయంతో అన్నావు. అలా అన్నా నాకు అభ్యంతరం లేదు.

శాలువా లక్ష్మణ్ చేత పంపించు. మేలో వాడు సెలవుకు వస్తాడు. నాకు భయం లేదు. ఆ ముగ్గురినీ చంపింది శాలువా కాదు, భీమేశ్వరరావు ఉపన్యాసం. రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టి ఉంటాడు. ఆ ఉపన్యాసం సముద్రం దాటి రాలేదు. ఇక్కడ అల్లుడు ఏసీని హిమాలయాల స్థాయిలో పెడతాడు, కప్పుకోవడానికి ఒకటి కావాలి.

ఇంకొక మాట. సాయంత్రం బడిలో నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కూర్చున్నాను. జువేనా చూసింది, ముఖం ఎందుకలా వెలుగుతోందని అడిగింది. తీసి చూపించవచ్చు. మనిషి సాక్ష్యం కావాలంది, నలభై మంది సాక్ష్యం ఉంది. చూపిస్తే రేపటి నుంచి లేచి ముందు నాకు చెప్పవలసి వస్తుంది ఆవిడ.

చూపించలేదు. ఎందుకంటే ఈ రెండు నెలల్లో చూశాను, ఇక్కడ పెద్ద అంటే ఏమిటో. ఎవరింట్లో జ్వరం వచ్చినా జువేనా వెళ్లాలి. ఎవరి కొడుకు కారు గుద్దినా జువేనా పోలీసు స్టేషన్‌లో కూర్చోవాలి. పెళ్లిళ్లు కుదర్చాలి, చావులకు ఏడవాలి, ఆడపడుచును మెట్లు దింపాలి. నేనైతే గుమ్మంలో షికమో అంటాను, ఆ తర్వాత ఆవిడ చేసే ప్రతి పనినీ తప్పుపడతాను. బాధ్యత లేదు, గొంతు ఉంది. ఉద్యోగంలో ఇంతకంటే మంచి హోదా నేను ఎక్కడా చూడలేదు. నువ్వు కుర్చీలో కూర్చున్నన్నాళ్లు నేను అనుభవించింది కూడా ఇదేనేమోనని ఒక అనుమానం వచ్చింది. దాన్ని అణిచేశాను.

వెలుగుకు కారణం మా ఊళ్లో వానలు పడడమని జువేనాతో చెప్పాను. నమ్మలేదు. సల్మా ఎయిట్ టేబుల్ దగ్గర ఆగిపోయిందనీ, ఎయిట్ సెవెన్స్ అడిగితే తెలుగులోకి జారిపోతోందనీ, వెళ్లి చూడమనీ తిట్టింది. వెళ్లి చూశాను.

దుర్గవ్వకు చూపించడానికి కింద విడిగా రాస్తున్నాను, చింపుకుని ఇవ్వు. నీకు జవాబుగా ఈ మాట రాయడం ఇదే మొదలు. పెద్ద అక్షరాల్లో రాశాను, ఆమెకు చూపు తక్కువ కదా.

మరహబా.

కుతుబుద్దీన్, సీనియర్